చితకని నిమ్మకాయలు

ఆ దసరాకు నిమ్మకాయలు ఎందుకు చితకలేదో నాకొక్కడికే తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెబుతాను. ముందు నవ్వండి, తిట్లు చివరికి దాచుకోండి.

అప్పట్లో పటాన్‌చెరులో ఓ సేటు లారీల షెడ్డుకు నేను మెకానిక్‌ని. టర్బో ఇంజిన్ కూడా నా అంత ఉబ్బేది కాదు. కొత్త లారీని నడపడానికి డ్రైవర్ యాదయ్యకిస్తానని సేటు మాటిచ్చాడు. పాత బండితో నడుము విరిగిన యాదయ్య పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు.

పండగ పొద్దున లారీ కడిగి, బ్రేకుల ట్యాంకుల్లో చేరిన నీళ్లు వదిలాను. బ్రేకు వదలడానికి కావాల్సిన గాలీ పోయింది. పోతే పోనీ, ఇంజిన్ తిరిగితే కంప్రెసర్ మళ్లీ నింపుతుంది. ఆ కంప్రెసర్ గాలి పీల్చేది ఫిల్టర్ దాటాక, టర్బోకి ముందు, పెద్ద పైపు నుంచి చీలిన సన్న గొట్టంలోంచి. ఫిల్టర్ దులిపేటప్పుడు ఆ గొట్టం ఊడదీసి, దుమ్ము పోకుండా పూజ ఎర్రగుడ్డ ముక్క కుక్కాను. మరిచిపోయి, గుడ్డ లోపలుండగానే బిగించేశాను.

పూజారి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు.

"పోనియ్ యాదయ్యా!" అన్నాడు సేటు.

ఇంజిన్ గర్జించింది. దానికి పెద్ద పైపుంది మరి. గాలి మీటరు ముల్లు మాత్రం బడికి లేవని పిల్లాడిలా పడుకునే ఉంది.

"ఏందిరా, నిమ్మకాయను తొక్కలేవా?"

"బ్రేకు ఇడుస్తలేదు సేటూ. గాలి ఎక్కుతలేదు."

అందరూ నా వైపు చూశారు. కారణం నాకు తెలియదు. తెలియదని చెప్పడం అసలే తెలియదు.

"పొద్దున ఏం తిన్నవ్ యాదన్నా?" అన్నాను.

"బోటి."

"పూజ గాకముందే మేక పేగులా? ఇగ బండేం కదులుతది!"

సేటు ముఖం మాడింది. "దిగు."

అందరూ కొబ్బరిముక్కల కోసం ఎగబడుతుంటే క్యాబిన్ వెనక చేయి పెట్టాను. సన్న గొట్టం లోపలికి పీల్చుకుపోయి ఉంది. గుడ్డ లాగి జేబులో కుక్కుకున్నాను. ఇంకో డ్రైవర్ ఎక్కాడు. కాసేపటికి ముల్లు లేచింది, నిమ్మకాయలు ఫట్‌మన్నాయి.

"జూసిన్రా, బోటి పని!" అని సేటు తాళాలు అతనికే ఇచ్చేశాడు. నేను చప్పట్లు కూడా కొట్టాను.

మొన్న దసరాకు ఇస్నాపూర్‌లో యాదయ్య కనిపించాడు. ఆటో నడుపుతున్నాడు. ఇంటికి లాక్కెళ్లి పప్పన్నం పెట్టాడు.

"పండుగపూట పప్పేంది?"

"బోటి తిని బండి పోగొట్టుకున్న గద మేస్త్రీ. అప్పటిసంది దసరాకు నీసు ముడ్తలేను."

నోటిదాకా వచ్చిన ముద్దను మళ్లీ విస్తట్లో పెట్టేశాను.

సకల స్పానర్ల సాక్షిగా ఒట్టు: ఇకపై ఏ గొట్టంలో గుడ్డ కుక్కినా, రెండో కొస నా చొక్కా గుండీకి కట్టుకుంటాను. ఆ రోజు మాత్రం విస్తరి ముందు నుంచి లేచి, బజారుకెళ్లి, ఓ హోటల్లో వండిన బోటి కట్టించుకొచ్చాను.

"యాదన్నా, బండి ఆపింది నీ బోటి గాదు. గొట్టంల నేను మరిచిన గుడ్డ."

పొట్లం మీదికి వంగి వాసన చూశాడు.

"బండి సరే. ఇన్ని పండుగలు నాతోని పప్పు తినిపిచ్చినవ్ గదనే!"

"మాఫ్ చెయ్యి అన్నా" అన్నాను, పొట్లం విప్పుతూ.