గడిలో లచ్చవ్వ చెప్పులు

ఈ రోజు మా ఊళ్లో కోటలాంటి దొర గడి లోపలికి మొదటిసారి వెళ్లాను. నక్సలైట్ అన్నలకు భయపడి పట్నం పారిపోయిన ఏడాదికి దొరకు ఊరి మీద ప్రేమ పుట్టింది. గడిని, తోటను జనానికి చూపించమని గుమాస్తాకు కబురు పంపాడు.

మాతో లచ్చవ్వ కూడా వచ్చింది. ఆ తోటలోని గులాబీలకు ఇరవై ఏళ్లు వెట్టికి నీళ్లు మోసిన మనిషి. ఎన్నడూ చెప్పులు తొడగని ఆమె ఈ రోజు కోడలి చెప్పులు అడిగి వేసుకుంది. అవి పెద్దవై టపటపమంటున్నాయి.

గేటు దగ్గర గుమాస్తా ఆమెను ఆపాడు.

"చెప్పులిడిషి పో లచ్చవ్వా. దొరకు తెలిస్తే ఏమనుకుంటడు?"

"పట్నంల దాక్కున్నోనికి నా కాళ్లు ఎట్ల కండ్లవడ్తయ్?" అని ఆమె లోపలికి నడిచింది.

లోపల ఎండిన ఫౌంటెన్, బూజు పట్టిన పులితల. గుమాస్తా మాత్రం అన్నీ తనవే అయినట్టు మురిసిపోతూ చూపించాడు.

"గీ తోట దొరవారే పెంచిండ్రు."

"ఔ, కుర్సీల కూసోని పెంచిండు. బిందెలు నేను మోసిన," అంది లచ్చవ్వ. తర్వాత ఒక్క గులాబీ మడి కూడా వదలకుండా, ఆ చెప్పులతోనే తోటంతా తిరిగింది.

బయటికొచ్చాక నన్ను చూసి నవ్వింది.

"ఏంది సారూ, గవి చేతుల వట్టుకున్నవ్?"

చూసుకుంటే నా చెప్పులు. గుమాస్తా వాటిని విడవమని నన్ను అడగనే లేదు.

దొరను తిట్టడం నాకు బాగా వచ్చు. మీ ఊరి గడి ముందు మీ చెప్పులు ఎక్కడుంటాయో, నిజం చెప్పండి.