తెలుగుల పెడితే ఓటీపీ అడగది

మెహనాజ్‌ది వరంగల్‌ల కరీమాబాద్. తండ్రి ఇమాం పాషా కుట్టుమిషన్లు బాగుచేస్తడు, బిడ్డ కంప్యూటర్లు పట్టుకున్నది. హనుమకొండల ఒక ప్రైవేటు దవాఖానల పని. ఎవలకు లాగిన్ ఇయ్యాలె, ఏ రోగి రిపోర్టు ఎవలు చూడొచ్చు, అంత ఆమె చేతులనే. మనిషి మెత్తన. రూలు దగ్గరికొస్తే మాత్రం కన్నతండ్రి మాటైనా ఇనది.

మొన్న ఎండకాలం ములుగు దిక్కు నుంచి వచ్చిన ఒక పెండ్లైన పిల్ల రక్తపరీక్ష రిపోర్టు ఫోటో వాళ్ల ఊరోళ్ల ఫోన్లల్ల తిరిగింది. చెప్పుకోరాని జబ్బు. పాపం, ఆ పిల్ల ముఖం చూపెట్టలేక తల్లిగారింటికి పోయింది. ఎవలు తెరిచిన్రని కంప్యూటర్ల చూస్తే నర్సు కమల పేరు వచ్చింది.

కమల రోజు ధర్మసాగర్ నుంచి బస్సుల వస్తది. "నేను తెరువలే సార్, నా బిడ్డ మీద ఒట్టు" అని ఏడ్చింది. దవాఖాన పెద్ద డాక్టర్ రమాకాంత్ మెహనాజ్‌ను పిలిచి, "కమల పేరు మీద ఇంకెవలన్న దూరొచ్చునా?" అని అడిగిండు.

"పాస్‌వర్డ్ తెలిసినా దూరలేరు సార్. కమల ఫోనుకు ఓటీపీ వస్తది. అది కొడితేనే తెరుచుకుంటది."

ఇగ అంతే. కమల కొలువు పోయినట్టే. ఇసొంటి పేరు పడ్డ నర్సును వరంగల్‌ల ఇంకో దవాఖానోళ్లు గడప తొక్కనిస్తరా? మెహనాజ్‌కు బాధైతే అయింది గని అనుమానం మాత్రం రాలే. మిషన్ అబద్ధమాడదని ఆమె నమ్మకం.

తెల్లారి కమల పని అప్పజెప్పుడానికి వచ్చింది. తన పేషెంట్ల బీపీలు ఎక్కించి పోవాలె. మెహనాజ్ పక్కనే కూసున్నది. కమల లాగిన్ పేజీ మీద మూలకున్న 'తెలుగు' నొక్కింది, పేరు కొట్టింది, పాస్‌వర్డ్ కొట్టింది. తెరుచుకున్నది. ఫోనేమో బ్యాగులనే ఉన్నది.

"ఓటీపీ ఏది కమలా?"

"తెలుగుల పెడితే అడగది కదక్కా." ఇది గూడ తెల్వదా అన్నట్టు చూసింది.

మెహనాజ్ కీబోర్డు తన దిక్కు గుంజుకున్నది. తన లాగిన్‌తోని కొట్టి చూసింది. ఇంగ్లీషుల అడుగుతాంది, తెలుగుల అడుగుతలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనోళ్లు తెలుగు పేజీ తర్వాత పెట్టిన్రు. ముందర దర్వాజకేసిన తాళం పక్క దర్వాజకు ఎయ్య మరిచిన్రు, అంతే సంగతి.

చప్పుడు జెయ్యక ఊకుంటే తన మాట నిలబడేది. కమల కొలువు పోయేది. మెహనాజ్ కమలను ఎంబడి తీస్కొని పెద్ద డాక్టర్ దగ్గరికి పోయింది. "నిన్న నేను చెప్పింది తప్పు సార్. తెలుగు పేజీల మీ పేరుతోని మీరే కొట్టి చూడున్రి."

కొట్టిండు. తెరుచుకున్నది. ఆయన కమల దిక్కు తిరిగిండు.

"నీ పాస్‌వర్డ్ ఎవలకు తెలుసు కమలా?"

"వార్డుల అందరికి తెలుసు సార్. గ్లవ్సు ఏసుకున్నప్పుడు పక్కోళ్లనే కొట్టుమంటం."

ఇగ ఎవలని పట్టుకుంటరు? కమలను డ్యూటీకి పొమ్మన్నడు. ఆ పిల్ల రిపోర్టు తెరిచిన చెయ్యి ఎవలదో నేటిదాక తేలలే.

మెహనాజ్ వచ్చి కంపెనీకి మెయిల్ పెట్టింది, తెలుగు పేజీ బంద్ చేసింది. కమల ఎనుకనే నిలబడి చూస్తాంది.

"అయితే అది నువ్వు పెట్టింది కాదా అక్కా?"

"నేనెందుకు పెడ్త?"

"కింద వార్డుల సిగ్నల్ ఉండదు. ఓటీపీ కోసం మెట్లెక్కి వచ్చేసరికి అక్కడ పేషెంటు పానం మీదికి వస్తాంది. గదే నీకు ఫోన్ చేసి చెప్పినం. కొన్ని దినాలకే తెలుగు పేజీ వచ్చింది. మెహనాజక్క మన గోస ఇన్నదని వార్డంత అనుకున్నం. నీకు దండం పెట్టుకున్న దినాలున్నయి."

ఆ ఫోన్ మెహనాజ్‌కు యాదికొచ్చింది. రూలు రూలేనని సగంల పెట్టేసింది.

"లేదు కమలా," అన్నది. "నేను ఇనలే."

కమల బ్యాగుల నుంచి ఫోను తీసి చేతుల పట్టుకోని, కింద వార్డుకు మెట్లు దిగింది.