మధ్య గిన్నె వదిలేసిన కథ

బేరమాడకుండా కొన్న వస్తువును మా ఇంట్లో అనుమానంగా చూసేవారు. వన్ టౌన్‌లో మాది స్టీలు సామాన్ల కొట్టు. నేను డిగ్రీలో చేరిన ఏడాది ఇంటికి కంప్యూటర్ వచ్చింది. దాని వెంటే నాకు సాహసయాత్రల ఆటల పిచ్చి పట్టుకుంది.

సీడీల కొట్టు భాయ్ ఒక ఆట చూపించాడు. మూడు భాగాలు, మూడు సీడీలు. మా పెద్దమ్మ కూతురిని వెంటబెట్టుకుని బేరానికి వెళ్లాను. మా పద్ధతి ప్రకారం అక్క నేనెవరో తెలియనట్టు పక్కన నిలబడి, పాటల సీడీలు తిరగేస్తూ, గాంధీనగర్‌లో ఇంతకన్నా తక్కువకే ఇస్తున్నారని తనలో తను గొణుక్కుంది. భాయ్ కరగలేదు. అప్పుడు మధ్యది తీసేసి, మొదటిదీ చివరిదీ ఇమ్మన్నాను.

"మూడూ కలిపి ఒకటే కథమ్మా. మధ్యది లేకపోతే ఏం తెలుస్తుంది?"

"మా కొట్లో మధ్య గిన్నె వదిలేసి క్యారేజీ పట్టుకెళ్తారు భాయ్. వాళ్లు అన్నం తినడం లేదా?"

నవ్వి ఇచ్చేశాడు. గెలిచిన ఆనందంలో అక్కకి చెరకు రసం ఇప్పించాను.

మొదటి భాగంలో ఒకమ్మాయి సముద్రంలో మునిగిన నగరాన్ని వెతుక్కుంటూ బయలుదేరుతుంది. తోడొచ్చిన పడవవాడు ప్రాణానికి తెగించి ఆమెను తుఫాను దాటిస్తాడు. తీరా మూడో భాగం మొదలయ్యేసరికి అదే పడవవాడు ఒక రేవులో వలలు అమ్ముకుంటూ, ఆమెను చూసి ముఖం తిప్పుకున్నాడు. పలకరించగానే రేవు భటులు వచ్చి ఇద్దరినీ పట్టుకెళ్లారు. ఆట మళ్లీ మొదటికొచ్చింది. నవ్వుతూ పలకరించినా అంతే, నిలదీసినా అంతే. వాడి పడవెక్కితే తప్ప నగరం చేరలేను.

మధ్యలో ఏం జరిగింది? ప్రేమ చెడిందని అక్క తేల్చేసింది. బజారులో పెరిగిన నా బుర్రకు వాటాల గొడవ తప్ప ఇంకేమీ తోచలేదు. అన్నం తింటున్నా అదే ఆలోచన. చివరికి పౌరుషం చంపుకుని భాయ్ దగ్గరికే వెళ్లాను. ఆ సీడీ అప్పుడే అమ్ముడుపోయిందట. మిగిలిపోయిన సరుకు చవగ్గా వస్తోందని ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టాయన పట్టుకెళ్లాడట. నాలాంటివాడు ఊళ్లో ఇంకొకడున్నాడన్నమాట.

అక్కా నేనూ వెతుక్కుంటూ వెళ్లాం. మా నాన్న వయసు మనిషి, బేరింగులు తుడుచుకుంటున్నాడు. వచ్చిన పని చెప్పగానే గుడ్డ పక్కన పెట్టాడు. ఆయన అవస్థ ఆయనది. ఆ అమ్మాయి పడవవాణ్ణి అంతగా ఎందుకు నమ్ముతుందో తెలియదు, చివరికి ఏమైందో అసలే తెలియదు.

"ముందు నువ్వు చెప్పమ్మా. కొట్టుకొచ్చినవాళ్లే కదా ఏం కావాలో చెప్పాల్సింది."

"సరుకు మీ దగ్గరుంది బాబాయి గారూ. మీరే చూపించాలి."

ఆయనా నేనూ పట్టు వదల్లేదు. టీ తాగాక బేరం కుదిరింది. తుఫాను కథ నేను ముందు చెప్పాలి, ఆట పూర్తయ్యాక ముగింపు కూడా వచ్చి చెప్పాలి. ఒప్పుకున్నాను. ఆయన తుఫానంతా శ్రద్ధగా విని గొంతు సవరించుకున్నాడు.

"వాళ్లకి గొడవేం లేదమ్మా. రేవులో భటులుంటారని, ఒకళ్లకొకళ్లు తెలియనట్టు ఉందామని ముందే అనుకున్నారు. నువ్వేమో వెళ్లి చుట్టరికం కలుపుతున్నావు."

కొట్టు చివర కిసుక్కున నవ్వు వినిపించింది. అలవాటు ప్రకారం అక్క అక్కడ హారన్లు చూస్తూ నిలబడి ఉంది. ఆయన అటు తిరిగి, ఆ అమ్మాయి నీతో వచ్చిందా అని అడిగాడు.

"ఎవరో నాకు తెలీదండీ," అన్నాను.

ఆ సాయంత్రం పడవవాడి దగ్గరికి వెళ్లి వల ఎంతకిస్తావని అడిగాను. రేటు చెప్పాడు. ఎక్కువన్నాను. భటులు ఆవులించి అటు తిరిగారు. పడవ కదిలింది.