కొంగల దిబ్బ దగ్గర ఆగిన దోనె

ఇన్నమ్మ పుట్టింది కొల్లేటి మధ్య ఒక చిన్న లంకలో. పెళ్ళయి నూజివీడు పక్కన మామిడితోటల్లోకి వచ్చిన కొత్తలో, చుట్టూ నీళ్ళ చప్పుడు లేక ఆమెకు నిద్ర పట్టేది కాదు. పోనుపోను అలవాటు పడింది. పాదులు తవ్వింది, కాయ కోసింది, వరిగడ్డి పరిచి బుట్టలు కట్టింది. ఎనభై మూడులో ఆమె భర్త సువర్ణరాజు కూలిపని మానేసి, ధైర్యం చేసి ఒక చిన్న తోట కౌలుకు తీసుకున్నాడు.

ఆ మాఘంలో పూత విరగబూసింది. పూత మీదే పంట కొనే షావుకారు మురళీకృష్ణ బెజవాడ నుంచి కారులో దిగాడు. వెంట ఆయన బావమరిది, మెడలో కొత్త కెమెరాతో. షావుకారు తోటంతా తిరిగి తల ఊపాడు గానీ మాట ఇవ్వలేదు. ఇన్నమ్మ పుట్టిల్లు కొల్లేరని మాటల్లో తెలిసేసరికి బావమరిది ముఖం వెలిగిపోయింది.

"లంకల్లో కొంగలు గూళ్ళు కట్టేది ఇప్పుడేనట కదా బావా! చూసొద్దాం."

"సరే, రేపు మమ్మల్ని తీసుకెళ్ళండి రాజూ. వచ్చాక పంట సంగతి తేల్చుకుందాం" అన్నాడు షావుకారు.

సువర్ణరాజు వెంటనే ఒప్పుకున్నాడు. ఇన్నమ్మ మాత్రం, "తీసుకెళ్తామండీ. కాకపోతే కొంగలుండే దిబ్బకి ఎడంగా ఆగి చూడాలి. అరుపులూ కేకలూ ఉండకూడదండీ" అంది. షావుకారు నవ్వి, "అట్లాగేలేమ్మా" అన్నాడు.

మర్నాడు కైకలూరు దాటి, రోడ్డు నీళ్ళలో కలిసే చోట కారు ఆగింది. ఇన్నమ్మ తమ్ముడు ఆరోగ్యం రెండు తాటిదోనెలు జతకట్టి, పైన బల్లలు పరిచి సిద్ధంగా ఉన్నాడు. అందరూ ఎక్కారు. దోనె కాస్త ఊగేసరికి షావుకారు రెండు చేతులా బల్ల పట్టుకుని, "నాకు ఈత రాదు, మెల్లగా పోనీ" అన్నాడు.

కొంత దూరం పోయాక బావమరిది బిస్కెట్లు తిని కాగితం నీళ్ళలో పడేశాడు. ఇన్నమ్మ వంగి దాన్ని తీసి కొంగున ముడి వేసుకుంది.

"ఈ నీళ్ళే మావాళ్ళు తాగుతారండీ" అంది నెమ్మదిగా. అతను వినిపించుకోలేదు. సువర్ణరాజు విన్నాడు. ఇక చాలు అన్నట్టు ఆమె వైపు చూశాడు.

తుంగ దాటగానే దిబ్బ కనబడింది. తుమ్మచెట్లు తెల్లగా ఉన్నాయి, కొమ్మ కొమ్మకీ గూళ్ళే. రెక్కలు సగం విప్పి నిలబడ్డ తల్లుల కింద పిల్లల మెడలు కదులుతున్నాయి. ఆరోగ్యం గెడకర్ర బురదలో దిగేసి దోనె ఆపాడు.

"ఇంకా దగ్గరికి పోనీవయ్యా!" అన్నాడు బావమరిది.

"ఇక్కడికేనండీ" అన్నాడు ఆరోగ్యం.

బావమరిది కెమెరా కంటికి పెట్టి, దించి, మళ్ళీ పెట్టాడు. "చీమల్లా ఉన్నాయి" అని విసుక్కుని సంచిలో చెయ్యి పెట్టాడు. దీపావళికి మిగిలిన టపాకాయలు బయటికి తీశాడు. "ఒక్కటి పేలిస్తే చాలు. అన్నీ ఒక్కసారే లేస్తాయి. ఆకాశం నిండా కొంగలు! బావా, కెమెరా పట్టుకో, నేను చెప్పగానే నొక్కు."

ఇన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దండీ. తల్లులు లేస్తే పిల్లలు ఎండకి మాడిపోతాయి. ఆ పక్క చెట్టు మీద కాకుల్ని చూడండి, వాటికోసమే కూర్చున్నాయి. నా చిన్నప్పుడు ఇక్కడ సంచి ముక్కు గూడబాతులు ఉండేయండీ. ఒక ఏడు ఎవరో వచ్చి సరదాకి తుపాకులు పేల్చారు. అంతే, మళ్ళీ రాలేదు."

"ఒక్కటే కదమ్మా!" అంటూ అతను అగ్గిపుల్ల గీశాడు. గాలికి ఆరిపోయింది. రెండోది గీశాడు.

"ఇన్నమ్మా, ఊరుకో" అన్నాడు సువర్ణరాజు లోగొంతుకతో. "తోట సంగతి ఆలోచించు."

ఆలోచించకపోవడమేమిటి? రాత్రి నుంచీ ఆమెకు అదే ఆలోచన. ఈ షావుకారు కాదంటే కౌలు పోతుంది, మళ్ళీ ఇద్దరూ ఎవరి తోటలోనో కూలికి నిలబడాలి.  అయినా లేచింది. దోనె ఒక పక్కకి ఒరిగింది. షావుకారు కెవ్వుమన్నాడు. ఆమె బల్ల మీద పాకినట్టు వెళ్ళి బావమరిది మణికట్టు పట్టుకుంది.

"వదులు! వదలమంటుంటే!"

వత్తి అంటుకుంది. నిప్పురవ్వలు చిటపటలాడాయి. ఇన్నమ్మ టపాకాయని అతని చేతిలోంచి లాగేసుకుని, పిడికిలి బిగించి, మోచేతి దాకా నీళ్ళలోకి దించేసింది. బుస్సుమంది. అరచేతిలో మంట కణకణలాడింది. పళ్ళు బిగపట్టింది గానీ పిడికిలి విప్పలేదు.

షావుకారు కేకకి దిబ్బ మీది ముందు చెట్టున ఒక కొంగ గూటి అంచుకి వచ్చి నిలబడింది. రెక్కలు చాచింది. పక్క గూళ్ళలోనూ మెడలు లేచాయి. ఇన్నమ్మ చెయ్యి నీళ్ళలోనే పెట్టుకుని దానివైపే చూస్తోంది. కాకి ఒకటి కొమ్మ మారింది. కొంగ చాలాసేపు అలాగే నిలబడి, ఆఖరికి రెక్కలు దించి గూటిలో సర్దుకుంది.

ఆరోగ్యం ఎవరినీ అడక్కుండా దోనె వెనక్కి తిప్పాడు.

ఒడ్డు చేరాక షావుకారు కారు తలుపు పట్టుకుని, "నీ భార్యకి మనుషులకంటే కొంగలే ఎక్కువయ్యా. పంట మాట మర్చిపో" అన్నాడు. వాళ్ళని అక్కడే వదిలేసి కారు వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళే దారిలో, జంక్షన్‌లో బస్సు మారేటప్పుడు సువర్ణరాజు ఆమె అరచెయ్యి చూశాడు. బొబ్బలెక్కి ఉంది. కిళ్ళీకొట్లో కొబ్బరినూనె అడిగి రాశాడు.

"నువ్వు చేసింది తప్పనను" అన్నాడు రాస్తూ. "ఇప్పుడెట్లా చెప్పు?"



ఆ పూత మీద మరో షావుకారు రాలేదు. కాయ దిగాక ఇద్దరూ తామే కోసి, బండికెత్తి సంతలకి తిప్పారు. మైలవరం బస్టాండు బయట ఇన్నమ్మ గంప ముందు కూర్చుని అరిచి అరిచి అమ్మింది. కౌలు కట్టగలిగారు. తోట చేతిలో నిలిచింది, అంతకుమించి ఏమీ మిగల్లేదు.

మరుసటి ఏడు చలికాలంలో నూజివీడు బడిలో పంతులమ్మ విజయరాణి, తోటి టీచర్లతో కొల్లేరు చూస్తామని వచ్చింది. ఇన్నమ్మ ముందే చెప్పాల్సినవన్నీ చెప్పింది. దోనె తుంగ దాటి ఆగగానే విజయరాణి మెడ సాచి, "ఇంకాస్త ముందుకి పోలేమా?" అంది.

ఇన్నమ్మ నోరు తెరిచేలోగా సువర్ణరాజు అన్నాడు: "వద్దండీ. కాసేపు చప్పుడు చెయ్యకుండా చూస్తుంటే బాగా కనిపిస్తాయి."

వాళ్ళు చూశారు. ఎండెక్కేదాకా కదల్లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇన్నమ్మ మనుషుల్ని లంకకి తీసుకెళ్ళింది. ఆమె షరతులు విని ఒడ్డు నుంచే అలిగి వెనక్కి పోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ గురించి ఆమె ఏనాడూ బాధపడలేదు. సువర్ణరాజు మాత్రం ప్రతిసారీ అలా వెళ్ళిపోయేవాళ్ళ కారు కనుమరుగయ్యేదాకా నిలబడి చూసి, ఆ తర్వాతే దోనె దగ్గరికి వచ్చేవాడు.