చేతి యాక్సిలేటరు

ఉదయం ఆరుంబావుకు మా అన్నయ్య వ్యాను బానెట్ ఎత్తాడు. అరవైల చివరి మాట. విజయనగరంలో మేం పనిచేసే మిషన్ ఆసుపత్రి వ్యాను అది. నేను నర్సుని, మా ఆయన డ్రైవరు. నిచ్చెన మీంచి పడ్డాక ఆయన కుడి మోకాలు యాక్సిలేటరును పది నిమిషాలకు మించి తొక్కి ఉంచలేకపోయేది. ఆ రోజు శ్రీకాకుళం వెళ్లి రాగలిగితేనే స్టీరింగు, లేకపోతే గేటు దగ్గర కాపలా అని డాక్టరుగారు చెప్పేశారు.

అన్నయ్య కొత్తవలసలో లారీలు బాగుచేసేవాడు. తుక్కు జీపులోంచి తీసిన తీగను కార్బొరేటరుకు తగిలించి, దాని కొసనున్న గుబ్బను స్టీరింగు పక్కన బిగించాడు. గుబ్బ లాగితే బండి ఒకే వేగంతో పోతుంది. లోపలికి నొక్కితే తగ్గుతుంది.

"కాలు సాపుకుని కూకో బావా. దాని పని అది సేసుకుంటాది," అన్నాడు అన్నయ్య.

"నువ్వు నాకు కట్టబెట్టినవేవీ సెప్పిన మాట వినవు బావా," అంటూ ఆయన నా వైపు చూశారు.

మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని నేను పక్కన కూర్చున్నాను. ఊరు దాటాక ఆయన గుబ్బ లాగి కాలు చాపారు. దారి పొడుగునా పెదవి బిగించకుండా బండి నడపడం ఎన్నో నెలల తర్వాత చూశాను.

ఎచ్చెర్ల దగ్గర రోడ్డు మీద ఉలవ చెట్లు పరిచారు. వచ్చే పోయే బండ్లు తొక్కితే కాయ పగిలి గింజ రాలేది. అక్కడ అదే నూర్పు. డ్రైవర్లు నెమ్మదిస్తే ఉలవ కంప తిరగేసే ఆడవాళ్లు పక్కకు తప్పుకునేవారు. ఆయన అలవాటుగా యాక్సిలేటరు మీంచి కాలు తీయబోయారు. కాలు అప్పటికే దాని మీద లేదు. వ్యాను తగ్గలేదు. ఆడవాళ్లు గట్టు మీదికి పరిగెత్తారు. నేను గుబ్బ నొక్కాను. ఆయన అదే కాలితో బ్రేకు తొక్కారు. ఉలవ కంప మీద జారి వ్యాను అడ్డంగా ఆగింది.

చేతికర్రతో ఒక ముసలమ్మ వచ్చింది. "ఒరే, గింజలు తొక్కమంటే మనుసుల్ని తొక్కుతావేటి?"

"తప్పైపోనాదమ్మా," అంటూ ఆయన కుంటుతూ దిగారు.

"ఆ కాల్తోటి నిన్ను బండెక్కమన్నదెవులు?"

"ఎవులూ ఎక్కమనలేదమ్మా. దిగిపోమంటన్నారు."

ఆమె చెదిరిన కంపను కర్రతో మళ్లీ రోడ్డు మీదికి లాగింది.

శ్రీకాకుళంలో మందులు దించి సాయంత్రానికి తిరిగొచ్చాం. ఎచ్చెర్ల సంగతి చెప్పొద్దని దారంతా బతిమాలాను. ఆయన డాక్టరుగారికి అంతా చెప్పేశారు.

"మరి బండిని ఆపిందెవరు?"

"నేనేనండి. ఈ కాలితోనే."

డాక్టరుగారు బల్ల మీది వ్యాను తాళం తీసుకున్నారు. మనిషి కనిపిస్తే ముందు గుబ్బ నొక్కాలని చెప్పి తాళం చేతికిచ్చారు.

ఆ తర్వాత ఆరేళ్లు ఆయన ఆ వ్యాను నడిపారు. చలికాలంలో నొప్పి ఎక్కువయ్యేది, అయినా మానలేదు. ఆయన పోయి చాలాకాలమైంది. తెల్లవారి లేచి, మోకాలు ఎలా ఉందని నేనిప్పుడు ఎవరినీ అడగను.