పెంటమ్మ అని పిలిచిన మనిషి

మా పెద్దమ్మ పోయిన వారం మల్కాజ్‌గిరిలో, కూతురి ఫ్లాట్‌లో చనిపోయింది. మధ్యాహ్నం చాయ్ తాగి పడుకుంది, లేవలేదు.

ఆమెకు మొదట పుట్టిన ఇద్దరు ఆడపిల్లలు నడక రాకముందే పోయారు. మూడో బిడ్డను చేటలో వేసి ఇంటి వెనక పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటామె ఎత్తుకుంది. పెద్దమ్మ ఆమెకు చారెడు నూకలు పోసి బిడ్డను మళ్లీ కొనుక్కుంది. పారేసినదాన్ని చావు కూడా ముట్టదని మా వైపు నమ్మకం. అందుకే ఆ పిల్ల పెంటమ్మ. ఒకప్పుడు మా ఊళ్లో వాడకో పెంటమ్మ ఉండేది. ఇప్పుడు వెతికినా దొరకదు. పిల్లలు బతుకుతున్నారు, పేరుతో పని తీరింది.

ఆ పిల్లే, నా చెల్లె, ఇంజనీరింగులో చేరేముందు ప్రణీత అయింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. పెళ్లయ్యాక తల్లిని తెచ్చుకుంది. బాగానే చూసుకుంది, అది కాదనను.

సికింద్రాబాద్‌కు పని మీద వెళ్తే నాకు పెద్దమ్మ చేతి అన్నమే. ఒక ఆదివారం చెల్లె ఆఫీసువాళ్లు భోజనానికి వచ్చారు. వంటింట్లో నా ముందే చెల్లె తల్లితో అంది:

"అమ్మా, వాళ్ల ముంగట గా పేరు తియ్యకు. జెర ప్రణీత అను. నోరు తిరగదా ఏంది?"

"తిరుగుతది బిడ్డా. నీ ముందు పుట్టినోళ్లకు సుత గసొంటి సక్కటి పేర్లే పెట్టిన. ఏరీ మరి?"

చెల్లె కూరగిన్నె తీసుకుని హాల్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత పెద్దమ్మ ఆమెను ఏ పేరుతోనూ పిలవలేదు. పిలవాలంటే గంటెతో గిన్నె మీద కొట్టేది.

"గిదేం పిలుపే పెద్దమ్మా?" అన్నాను.

"గిన్నె మోగితే ఎవ్వరి ఇజ్జత్ పోదురా."

కానీ రోజూ పొద్దున చెల్లె ఎక్కిన కంపెనీ కారు మలుపు తిరిగాక, బాల్కనీలో నిలబడి మెల్లగా ఒక్కసారి "పెంటమ్మా" అనేది. పిలవకపోతే ఆ పేరు పనిచెయ్యదని ఆమె భయం.

పెద్దమ్మ పోయిన మూడో రోజు కాప్రా చెరువు దగ్గర పిట్టముట్టుడు. ఆకులో అన్నం, కోడికూర పెట్టి దూరం జరిగాం. కాకి ముడితేనే పోయినామె తృప్తిపడ్డట్టు. ముట్టలేదు. అల్లుడు దండం పెట్టాడు, నేను పెట్టాను. ఊరి నుంచి వచ్చిన ముసలామె చెల్లె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు జెప్పు బిడ్డా. నీ పెంటమ్మను వచ్చిన, తినవే అమ్మా అను. ముడతది."

చెల్లె వెనక్కి చూసింది. ఆఫీసువాళ్లు కార్ల పక్కన నిలబడి ఉన్నారు.

"నేను వచ్చిన అమ్మా, తిను" అంది. పేరు చెప్పలేదు.

ఎండ ముదిరింది. కార్లు వెళ్లిపోయాయి. ఆకులో అన్నం బిరుసెక్కుతోంది. కాకి కరెంటు తీగ మీద, చెరువు వైపు తిరిగి కూర్చుంది.