ద్రవ్యవేగంలో యావత్తు

ఆవిడకి పిల్లలు పెట్టిన పేరు ఎక్స్‌ప్రెస్. మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతుంది. బోర్డు ఒక చేత్తో తుడుస్తూ ఇంకో చేత్తో రాసేస్తుంది. ప్రశ్న అడిగి, ఎవరూ నోరు తెరవకముందే జవాబూ తనే చెప్పేస్తుంది. నెలలు నిండకుండానే ఊడిపడ్డ మనిషికి ఇంక ఆగడం ఏం తెలుస్తుందని వాళ్ళమ్మ అంటూ ఉండేది.

ఆరో తరగతికి ఆకులూ వేళ్ళూ చెప్పీ చెప్పీ విసిగిపోయాక, ఈ ఏడాదే తొమ్మిదో తరగతి సైన్సు చేతికొచ్చింది. కదలికలు, బలాలు, ఢీకొట్టడాలు! మొదటి రోజు క్లాసులోకి నడిచి వెళ్ళిందో ఎగిరి వెళ్ళిందో ఆవిడకే గుర్తులేదు.

అలాంటిది, మొదటి పరీక్ష పేపర్లు దిద్దడానికి కూర్చుంటే గుండె జారిపోయింది. 'ద్రవ్యవేగం అనగానేమి?' అని తను నోటితో చెప్పి రాయించిన ప్రశ్నకి ఒక అమ్మాయి ఇలా రాసింది: 'ద్రవాలు పారే వేగమే ద్రవవేగం. ఇది నీళ్ళకు ఎక్కువ, తేనెకు తక్కువ, మా తమ్ముడి ముక్కుకు చలికాలంలో చాలా ఎక్కువ.' ఇంకొకడు కొళాయి బొమ్మ గీసి, కింద బకెట్ కూడా పెట్టాడు. పాఠం చెవులతో విన్నదే తప్ప పుస్తకం తెరిచిన పాపాన ఒక్కరూ పోలేదు. ఆవిడ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. చివరి పేపరు దాకా అదే కొళాయి పారుతుంటే నవ్వు ఆగిపోయింది.

పెద్దసారు పేపర్లు తెప్పించుకుని చూశారు.

"ఏంటి టీచరమ్మా ఇది? క్లాసు యావత్తూ ఇదే రాసిందే!"

"యావత్తే కదండీ సార్ పోయింది," అనేసింది ఆవిడ. నాలుక కరుచుకునే లోపే మాట బయటపడిపోయింది.

పెద్దసారు నవ్వలేదు. "సోమవారం నేనే వచ్చి చూస్తా. అప్పటికీ ఇదే తంతయితే తొమ్మిదో తరగతి లెక్కల మాస్టారికి. మీరు మళ్ళీ ఆరుకి."

ఇంటికొచ్చేసరికి భర్త ముందుగదిలో కుట్టుమిషను దగ్గర ఉన్నాడు.

"ఏమండీ, నేనో మాట అంటాను, ఏం వినబడిందో చెప్పండి. ద్రవ్యవేగం."

"ద్రవవేగం."

"మరి యావత్తు?"

"నీ నోట్లో ఒత్తులు బతికి బట్టకడతాయా? తొక్కిసలాటలో పోయుంటుంది పాపం. కాస్త నిదానంగా చెప్పు."

ఆవిడ ఊపిరి బిగబట్టి మొదలుపెట్టింది. "ద్ర... వ్య..."

"ఈ లెక్కన పాఠం వచ్చే ఏడాదికి అవుతుంది," అని ఆయన కూర్చున్న కుర్చీతో సహా కత్తిరింపు బల్ల దగ్గరికి దొర్లి వెళ్ళాడు. గుడ్డ తీసుకుని మళ్ళీ దొర్లి వచ్చాడు. ఆవిడ చూపు కుర్చీ చక్రాలకి అతుక్కుపోయింది.

"చెప్పడం నావల్ల కాదండీ. తగిలిస్తాను. సోమవారం ఆ కుర్చీ నాకు కావాలి."

"నేను నించుని కుట్టనా?"

"కుట్టకండి!"

సోమవారం ముందు అందరిచేతా పుస్తకం తెరిపించి చదివించాక, పాఠం వరండాలోకి మారింది. అటు చివర పుస్తకాల సంచులు గుట్టపోసి, వాటి ముందు ఇద్దరు పొడుగు పిల్లల్ని పట్టుకోవడానికి నిలబెట్టింది. పిచ్చుక అని పిలిచే బక్కపిల్లని కుర్చీలో కూర్చోబెట్టి మెల్లిగా తోసింది. వాళ్ళు చిటికెనవేళ్ళతో ఆపేశారు. రెండోసారి గట్టిగా తోసింది. పిచ్చుక కెవ్వుమంది, ఆపేవాళ్ళు వెనక్కి తూలారు.

"పిల్ల అదే. ఏం మారింది?"

"వేగం!"

"ఇప్పుడు వేగం మొదటిసారిదే. మనిషిని మారుద్దాం. బరువైన వాళ్ళెవరున్నారు?"

అందరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. పెద్దసారు తన వెనక ఎవరున్నారా అని చూసుకున్నారు. గోడ ఉంది.

"నేనా?"

"మెల్లిగానే తోస్తాను సార్."

ఆయన కూర్చుంటే కుర్చీ మూలిగింది. ఆవిడ నిజంగానే మెల్లిగా తోసింది. కుర్చీ పెళ్ళినడకలా సాగి సాగి వెళ్ళింది. ఆపేవాళ్ళు ధీమాగా చేతులు చాచారు. మరుక్షణం వాళ్ళూ, పెద్దసారూ, కుర్చీ కలిసి సంచుల గుట్టలో ఉన్నారు.

పెద్దసారి కళ్ళజోడు ఒక్క చెవికి వేలాడుతోంది. ఆవిడకి ఆరో తరగతి ఆకులూ వేళ్ళూ కళ్ళముందు కదిలాయి.

"ఇంత నెమ్మదిగా వచ్చాను కదరా," అన్నారు పెద్దసారు, సంచుల్లోంచే. "మరి మిమ్మల్ని పడగొట్టిందేంటి?"

"ద్రవ్యవేగం సార్!" ఆయన మోచేతి కింద నుంచి ఒకడి గొంతు.

"అంటే?"

"ద్రవ్యరాశి ఇంటూ వేగం! వేగం పిచ్చుకదే సార్, రాశి మాత్రం తమరిది!"

ముందు ఆయన పొట్ట కదిలింది. తరవాత భుజాలు. ఆ తరవాత వరండా వరండా అంతా విరగబడి నవ్వింది. ఆయన లేచి, చొక్కా దులుపుకుని, మళ్ళీ వెళ్ళి కుర్చీలోనే కూర్చున్నారు.

"ఈసారి గట్టిగా, టీచరమ్మా."

ఆ గోలకి లెక్కల మాస్టారు వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు. "సార్, మరి ఈ తొమ్మిదో తరగతి నాకెప్పుడు..."

"తరగతి ఖాళీ లేదండీ. ముందు పక్కకి తప్పుకోండి!"

ఆవిడ అప్పటికే తోసేసింది.